దగ్గుకు తెచ్చిన టర్కీ మాజూన్

ఆ టర్కీ మాజూన్ సీసా కొనిచ్చింది నేనేనని ఆ రోజు రూమ్‌లో చెప్పలేదు. ఇన్నేళ్లుగా నా మీద నాకు చిరాకు ఆ ఒక్క మాట గురించే.

తొంభైల మొదట్లో ఒమన్‌లోని రుస్తాఖ్‌లో నేనూ, మా ఊరివాడే అయిన ఒక మేస్త్రీ ఒకే సైట్‌లో పనిచేసేవాళ్లం. వరసకు నాకు అన్న అవుతాడు. సిమెంటు దుమ్ముకు ఆయనకు దగ్గు పట్టుకుని వదల్లేదు. తేనె దుకాణంలో పనిచేసే హైదరాబాద్ భాయిని నేను అడిగితే, తేనెలో అల్లం, దాల్చినచెక్క, ఇంకేవో మూలికలు కలిపిన నల్లటి ముద్ద, టర్కీ మాజూన్ అనేది, సీసాలో ఇచ్చాడు. "రోజూ పొద్దుగాల ఒక చమ్చా, బస్" అన్నాడు.

మాజూన్ అంటే మగవాళ్లు బలానికి తినేదని అక్కడ పేరు. సీసా చూడగానే రూమంతా నవ్వింది.

"ఏం మేస్త్రీ, పెండ్లాం ఊర్లనాయె, ఈడ ఎవలి కోసమే ఈ తాకత్?"

"దగ్గుకురా నాయనా!" అని ఆయన మొత్తుకున్నా ఎవరూ వినలేదు. చెప్పరా అన్నట్టు నావైపు చూశాడు. నేనూ నవ్వాను.

సెలవు మీద వెళ్లినవాడెవడో ఆ వెటకారాన్ని ఊళ్లో నిజమన్నట్టు చెప్పాడు. ఆయన భార్య నమ్మింది. ఆయన ఆ దగ్గు మందు తినడం మానేశాడు, నాతో మాట్లాడటమూ మానేశాడు. ఆయన ఊరికి తిరిగొచ్చి ఇన్నేళ్లయినా ఆమె ఆ సంగతి ఎత్తిపొడుస్తూనే ఉందని తెలిసి నాకు అన్నం సయించలేదు.

మొన్న వాళ్లింటికి వెళ్లి ఇద్దరి ముందూ నిలబడ్డాను.

"వదినా, అది దగ్గు మందే. కొనిచ్చింది నేను. అన్న ఏ తప్పు చెయ్యలే. అందరు నవ్వుతుంటే నేను గూడ నవ్విన. తప్పు నాది, ఇద్దరు నన్ను మాఫ్ చెయ్యుండ్రి."