మాటలు నావి, సినిమా ఆమెది

పుంగనూరు నుంచి మరిది ఫోన్ చేసి, "వదినా, ఆమె పోయిందమ్మా. పడుకున్నామె పడుకున్నట్టే..." అని ఆగిపోయాడు. మదనపల్లెలో మా ఇంట్లో ఫోన్ పట్టుకుని నిలబడ్డ నాకు ఏడుపు కంటే ముందు ఇంకోటి వచ్చింది. ఆమె నా తోడికోడలు, నాకంటే చిన్నది. ఏ నొప్పీ లేకుండా, ఎవరి చేతా సేవ చేయించుకోకుండా వెళ్లిపోయింది. ఇందులో కూడా నన్ను దాటిపోయిందే అనుకున్నాను. పోయిన మనిషి మీద కుళ్లేమిటని మీకు అనిపించవచ్చు. అది దాచిపెట్టి రాస్తే మాత్రం ఈ రాతలో నేనూ ఉండను, ఆమె కూడా ఉండదు.

ఆ ఇంటికి ముందు వచ్చిన కోడలిని నేను. కథలు రాసేదాన్ని. వారపత్రికల్లో వచ్చేవి, ఇంట్లో ఎవరూ చదివేవాళ్లు కాదు. తర్వాత కుప్పం నుంచి ఆమె వచ్చింది. అరవం, కన్నడం కలిసిన తెలుగు. పుంగనూరు బడిలో టీచరు. వచ్చిన కొన్నాళ్లకే మా మామగారు కంచం ముందు కూర్చుని, "చిన్నామె యాడ? ఆయమ్మ కత చెప్తే గానీ ముద్ద దిగదు" అనడం మొదలుపెట్టాడు. వడ్డించేది నేను.

తొంభైల చివర్లో ఆమె, పిల్లల సినిమాలకు ప్రభుత్వం డబ్బిస్తుందని ఎక్కడో చదివి, గ్రానైటు క్వారీ పక్కన పెరిగే ఒక పిల్ల, వాళ్ల అవ్వ కథ రాసి పంపింది. మంజూరైంది. వెంట రూల్సు కూడా వచ్చాయి. అనుభవమున్న డైరెక్టరే తీయాలి. డబ్బు విడతలుగా ఇస్తారు, తీసినంతవరకు చూశాకే తర్వాతి విడత. ఒప్పుకున్న స్క్రిప్టులో అనుమతి లేకుండా మాట మార్చకూడదు, మనిషిని చేర్చకూడదు. పూర్తయిన సినిమా ప్రభుత్వానిదే.

"ఇన్ని కట్టుబాట్లుంటే ఇంకేం తీస్తావే?" అన్నాను, కొంచెం ఆశగానే.

"జనం దుడ్డుతో తీస్తాండాము కదక్కా. జనానికి జవాబు చెప్పల్ల" అని నవ్వింది.

బెంగుళూరులో డాక్యుమెంటరీలు తీసే ఒకాయన్ను డైరెక్టరుగా పట్టుకొచ్చింది. కుప్పంలో షూటింగుకు నన్నూ రమ్మంది. వెళ్లాను. అది బాగా రాకూడదని మనసులో ఒక మూల కోరిక. అవ్వ వేషం వేసింది శాంతిపురం దగ్గర కూరగాయలమ్మే ఒక ముసలామె. హైదరాబాదు ఆఫీసులో స్క్రిప్టు చదివే పెద్దలకు నచ్చాలని మా తోడికోడలు మాటలన్నీ పుస్తకాల తెలుగులో రాసి పంపింది. "నన్ను ఒంటరిగా విడిచి ఎక్కడికి వెళ్తున్నావమ్మా" అని చెప్పలేక ముసలామె చెమటలు కక్కుతోంది. ఫిల్ము వృథా అవుతోందని డైరెక్టరు తల పట్టుకున్నాడు. నాకు ఉండబట్టలేదు.

"'యాడికి పోతావే, ఈడ నేనొకదాన్ని ఉండాను కదా' అనమనండి."

ముసలామె చటుక్కున నా వైపు తిరిగింది. "అట్ల సెప్పమ్మా! అది మనిసి మాట."

ఒక బండ మీద కూర్చుని అవ్వ మాటలన్నీ తిరగరాశాను. సాయంత్రానికి సీను అయిపోయింది. రిఫ్లెక్టరు పట్టుకున్న మనిషి భుజంతో కళ్లు తుడుచుకోవడం చూశాను.

"మాటల మార్పు ఎవరూ పట్టించుకోరు. మేడం పేరు వేయకపోతే సరి" అన్నాడు డైరెక్టరు. "వేయాలంటే అనుమతి అడగాలి. అడిగితే డబ్బు ఆగుతుంది."

"నా పేరెందుకులే" అన్నాను. అన్నది నోరే, మనసు కాదు.

ఆమె నా మొహం చూసింది. "రాసింది మా అక్క. పేరు లేకుండా యాల పోవల్ల? అడుగుదాం సార్. ఇస్తే ఇస్తారు, ఆపితే ఆపుతారు."

ఆపారు. వానలొచ్చి క్వారీ గుంటలు నిండాయి. పిల్ల వేషం వేసిన అమ్మాయి ఈలోగా పొడుగైపోతుందేమోనని ఆమెకు దిగులు. "సినిమా యాడిదాకా వచ్చిందమ్మా?" అని బజారులో నవ్వేవాళ్లు. చివరికి బడికి సెలవు పెట్టి హైదరాబాదు ఆఫీసుకు తనే వెళ్లింది. ఏం చెప్పావని అడిగితే, "నువ్వు రాసింది అవ్వ మాదిరి సదివి వినిపించినాను. ఆ సారు ముందు నవ్వినాడు, తర్వాత ముక్కు చీదుకున్నాడు" అంది. అనుమతి వచ్చింది.

మదనపల్లెలో ఒక థియేటరులో బడి పిల్లలకు పొద్దుటి ఆట వేశారు. 'మాటలు' అని తెర మీద నా పేరు పడగానే పక్కనుంచి ఆమె నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆట అయ్యాక పిల్లలంతా ఆమెను చుట్టుకున్నారు. నేను సోడా బండి పక్కన నిలబడి చూశాను. అప్పటి నా కుళ్లు పేరు కోసం కాదు, పేరు వచ్చింది కదా. చేతికందిన సినిమా ఆగిపోయినా ఇంకొకరి పేరు కోసం అడగగలిగిన ఆ గుండె ఉంది చూశారా, అది నాకెందుకు లేదని. ఆమె స్థానంలో నేనుంటే అడిగేదాన్నని ఇవాళ్టికీ చెప్పలేను. చెడు చేసినవాళ్ల మీదైతే కోపం తెచ్చుకుని ఊరుకోవచ్చు. ఇంత మంచి చేసిన మనిషిని ఏం చేయాలి?

నేను పుంగనూరు చేరేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. పుణ్యస్త్రీగా పోయిందని ఆడవాళ్లు వరసగా వచ్చి ఆమె నుదుటి కుంకుమ తీసి పెట్టుకుంటున్నారు. నా భర్త పోయి చాలాకాలమైంది, ఆ వరసలో నాకు చోటు లేదు. గోడ పక్కన నిలబడ్డాను. కాసేపటికి ఆమె తల్లో కనకాంబరాల మూర ఒక వైపు జారింది. ఎవరూ గమనించలేదు. వెళ్లి సర్దాను. చల్లటి చెవి వేలికి తగిలింది. చూరు దాటి ఎండ ఆమె మొహం మీదికి వస్తోంది. నా నీడ పడేట్టు కొంచెం జరిగి, వాళ్లు ఎత్తేదాకా అక్కడే నిలబడ్డాను.