మాట్నీలో అల్లిన లేసు

మొన్న మధ్యాహ్నం ఆడవాళ్ల వార్డులో మందులిస్తూ తిరుగుతుంటే, ఏడో నంబరు మంచం దగ్గర చెక్కమెట్లు కిర్రుమన్న చప్పుడు వినిపించింది. మా ఆసుపత్రిలో చెక్కమెట్లు లేవు. తల్లికి తోడుగా వచ్చిన కాలేజీ పిల్ల ఒకతె ఫోనులో పాత సినిమా చూస్తోంది. ఆ కిర్రు తరవాత ఒక్క వీణ తీగ మోగుతుందని, ఆ తరవాత లాంతరు కనిపిస్తుందని నాకు తెలుసు. తీగ మోగింది. నా కుడిచేతి వేళ్లు వాటంతటవే కదిలాయి, లేని దారాన్ని సూదిమీదుగా లాగుతున్నట్టు. ఆ సినిమా చూసి పాతికేళ్లు దాటింది. అయినా ఒళ్లు జలదరించింది, వెంటనే నవ్వూ వచ్చింది. జలదరింపు నాదే. నవ్వు మాత్రం రత్నం పిన్నిగారి పుణ్యం.

రత్నం పిన్నిగారు మాకు చుట్టం కాదు. నరసాపురంలో మా పక్కింటావిడ. మా వీధిలో ఆడవాళ్లందరూ లేసు అల్లేవారు. చివర చిన్న కొక్కెం ఉన్న సూది, తెల్లదారం ఉండ, ఒక గుడ్డసంచి, అంతే సరంజామా. బల్లల మీద పరిచే గుండ్రటి లేసులు అల్లడం నేను పిన్నిగారి అరుగు మీదే నేర్చుకున్నాను. పనిలో ఆవిడ మహా కఠినం. ఎక్కడో లోపలి వరసలో ఒక్క కుట్టు తప్పినా వేలితో తడిమి పట్టేసేవారు. బయట ఎన్ని వరసలు పూర్తయినా సరే, మొత్తం ఊడదీయాల్సిందే. నాకు కళ్లనీళ్లు వచ్చేవి. "ఏడుపెందుకే? దారం ఎక్కడికీ పోలేదుగా, నీ ఒళ్లోనే ఉంది," అనేవారు.

ఇక నా సంగతి. నా పిరికితనం వీధి వీధంతటికీ తెలుసు. చీకటి పడ్డాక పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లాలంటే అమ్మ గుమ్మంలో నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. అమ్మ మాట ఆపిందో, బిందె అక్కడే పడేసి లోపలికి పరుగు. సినిమా హాలు గోడమీద దెయ్యం బొమ్మ అంటించారంటే, ఆ వారమంతా బజారుకి రెండు వీధులు చుట్టి వెళ్లేదాన్ని. అలాంటి నాకు రాజమండ్రిలో నర్సింగు సీటు వచ్చింది. పదిహేను రోజుల్లో చేరాలి. ఆ సంతోషం ఒక పూటే నిలిచింది. అక్కడ చనిపోయినవాళ్లని ముట్టుకోవాలని ఎవరో చెప్పారు. నేను వెళ్లనని భీష్మించుకు కూర్చున్నాను. అమ్మ కూడా, "పోనీలే, ఇంట్లోనే లేసు చేసుకుందువుగాని," అనేసింది.

పిన్నిగారు ఊరుకోలేదు. మర్నాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "దేనికే అంత భయం?" అని అడిగారు.

"చచ్చిపోయినవాళ్ల మొహం చూడాలటండి."

"చూస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుందో తెలిస్తే ఇంత భయం ఉండదండి."

ఆవిడ సూది ఆపారు. "రేపు మాట్నీకి వెళ్దాం. సంచి తెచ్చుకో," అన్నారు.

తీసుకెళ్లింది ఏ సినిమాకో తెలుసా? నేను రెండు వీధులు చుట్టి తప్పించుకుంటున్న బొమ్మ సినిమాకే. ఎప్పటిదో నలుపు తెలుపు సినిమా, మళ్లీ వేశారు. పాడుబడ్డ మేడ, అందులో ఎవరూ పట్టుకోకుండానే మెట్లెక్కే లాంతరు, పైన మూసి ఉన్న గది. లైట్లు ఆరగానే పిన్నిగారు ఒళ్లో లేసు పెట్టుకున్నారు. చీకట్లో ఎలాగండీ అంటే, "ఇన్నేళ్లు అల్లాక వేళ్లకి దీపం ఎందుకే? నువ్వూ తియ్యి. కళ్లు మూసుకుంటావో తెరుచుకుంటావో నీ ఇష్టం. చెయ్యి మాత్రం ఆపకు," అన్నారు.

లాంతరు మెట్లెక్కడం మొదలుపెట్టింది. నా చెయ్యి ఆగింది. ఇంటర్వెల్ అయినా కాకముందే లేచి బయటికొచ్చేశాను. వెనకే పిన్నిగారు వచ్చారు. వరండాలో వేరుశెనగకాయలు కొని నా చేతిలో పోసి, "ఎంతవరకు చూశావు?" అని మాత్రం అడిగారు.

"లాంతరు మెట్లెక్కేదాకా అండి."

"సరే. రేపు ఇంకో రెండు మెట్లు చూద్దాం."

నిజంగానే మర్నాడు మళ్లీ వెళ్లాం. గేటు దగ్గరాయన, "ఇదేంటండీ, నిన్నేగా వచ్చారు?" అంటే, "నిన్న సగం చూశామండి, మిగతా సగం ఇక్కడే ఉండిపోయింది," అన్నారు పిన్నిగారు. ఆ రోజు మూసిన తలుపు దాకా చూడగలిగాను. మూడోరోజు సూది వేళ్లకి గుచ్చుకుంటున్నా ఆపకుండా కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది. పెద్ద కోరలు, ఎర్రటి నాలుక, ఏవేవో ఊహించుకున్నాను. అక్కడ ఉన్నది జుట్టు విరబోసుకున్న ఒక అమ్మాయి. నా ఈడుదే. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. నా భయం పోయిందంటే అబద్ధం చెప్పినట్టే. కాని ఆ పిల్లని చూసి జాలి వేసింది, కళ్లు మూసుకోవాలనిపించలేదు.

ఇంటికి నడుస్తూ, "ఆ దెయ్యం నా వయసు పిల్లేనండి, పిన్నిగారూ," అన్నాను.

"అలాగా," అన్నారు ఆవిడ. ఆ మాట నాకప్పుడు పట్టలేదు.

నాలుగు రోజుల తరవాత, లేసులు పట్టుకెళ్లే ఏజెంటు పిన్నిగారి అరుగు మీద సరుకు చూస్తూ ఒక లేసు పక్కన పెట్టేశాడు. "ఇది బల్లమీద పడుకోవడం లేదండి," అన్నాడు. నాకు తెలిసి ఆవిడ పని వెనక్కి రావడం అదే మొదలు. అతను వెళ్లాక లేసు చేతిలోకి తీసుకున్నాను. మాట్నీలో ఆవిడ ఒళ్లో ఉన్న లేసే. మధ్యలో చక్కగా ఉంది. తరవాతి వరసలు ఎంత బిగిసిపోయాయంటే, కుట్ల మధ్య సూదిమొన కూడా దూరదు. అందుకే గిన్నెలా పైకి లేచింది. అంచుకి వచ్చేసరికి కుట్లు కొంచెం వదులై మళ్లీ పరుచుకుంది. నేను మా ఇంట్లోకి వెళ్లి, మాట్నీలో నేను అల్లిన లేసు తెచ్చి పక్కన పెట్టాను. అదీ గిన్నే.

"పిన్నిగారూ, మీకూ భయమేనా అండీ?"

ఆవిడ సిగ్గుగా నవ్వారు. "మూడు రోజులూ కళ్లు మూసుకునే కూర్చున్నానే. ఆ పిల్ల మొహం ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నువ్వు చెప్తే విన్నాను."

"మరి ఎందుకొచ్చారండీ?"

ఆవిడ సూది సంచిలో పెట్టేశారు. "నీ వయసులో నాకు టీచరు ట్రైనింగు వచ్చింది. గోదారి అవతల. రోజూ పంటు పడవ మీద దాటి వెళ్లాలి. నీళ్లంటే నాకు చచ్చేంత భయం. మొదటిరోజు రేవు దాకా వెళ్లి, పంటు ఎక్కకుండా ఇంటికొచ్చేశాను. నాతో రమ్మని ఎవరినీ అడగలేదు. ఈ లేసు పని నాకు చిన్నతనమని కాదే. ఇష్టపడి చేసుంటే బాగుండేది. భయపడి కూర్చున్నాను."

నేను అలవాటు కొద్దీ ఆ లేసు ఊడదీద్దామని దారం కొస కోసం వెతికాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. ఒక్క కుట్టు తప్పితే ఒప్పుకోని మనిషి, "దీన్ని ఊడదీయకు. రాజమండ్రి పట్టుకెళ్లు," అన్నారు. ఆ రాత్రే అమ్మతో, నేను చేరతానని చెప్పాను.

చేరిన రెండో నెలలో ఒక ఉదయం డ్యూటీలో ఒక పెద్దావిడ పోయారు. సిస్టరుగారు నన్ను పిలిచి, ఒళ్లు తుడిచి బట్టలు మార్చమన్నారు. నేను వరండాలోకి వచ్చేశాను. అక్కడ గోడకి ఆనుకుని నిలబడి, ఇంకో రెండు మెట్లు, అనుకున్నాను. లోపలికి వెళ్లి మొహం మీది దుప్పటి తీశాను. నుదుటిమీద చెరిగిన బొట్టు, చెదిరిన నెరిసిన జుట్టు. ఎవరి ఇంట్లోనో మామ్మగారు. దువ్వెన తెచ్చి తల దువ్వాను. భయపడుతూనే పనంతా చేశాను.

సెలవులకి వెళ్లినప్పుడు పిన్నిగారికి ఇదంతా చెప్పాను. మొత్తం విని, సంచి భుజాన వేసుకుని లేచారు. "రేవుకి తీసుకెళ్లవే," అన్నారు. అన్నేళ్లూ గోదారి పక్కనే ఉండి ఆవిడ పంటు ఎక్కడం అదే మొదటిసారి. మోటారుసైకిళ్ల మధ్య నన్ను ఆనుకుని కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, లేసు అల్లుతూనే ఉన్నారు. సగం దూరం వెళ్లాక కళ్లు తెరిచారు. "ఎంత బాగుందే," అన్నారు మెల్లగా. ఆ తరవాత అవతలి ఒడ్డు వచ్చేదాకా మళ్లీ కళ్లు మూసుకోలేదు.

పిన్నిగారు పోయి ఆరేళ్లయింది. ఆ లేసు నా దగ్గరే ఉంది. ఇప్పటికీ బల్లమీద పడుకోదు. డ్యూటీ నుంచి వచ్చి గడియారం, తలపిన్నులు అందులో వేసుకుంటాను. నేనేమీ ధైర్యవంతురాలిని కాలేదు. కొత్తగా చేరిన పిల్లలు, మీకు భయం వెయ్యదా మేడం అని అడిగితే, వేస్తుందనే చెబుతాను.

మొన్న ఏడో నంబరు దగ్గర చెక్కమెట్ల చప్పుడు మధ్యలో ఆగిపోయింది. ఆ పిల్ల ఫోను ఒళ్లో బోర్లించి, చున్నీతో మొహం తుడుచుకుంటోంది. మంచం మీద తల్లి నిద్రపోతోంది. మర్నాడు పొద్దున్నే ఆవిడకి ఆపరేషను. ఏదో ఒకటి చూస్తే ఆ సంగతి మరిచిపోతానని సినిమా పెట్టుకుందట, పాపం. నేను ట్రే పక్కన పెట్టి, "ఎంతవరకు చూశావమ్మా?" అని అడిగాను.

"లాంతరు మెట్లెక్కేదాకా అండి. ఇంక నావల్ల కాలేదు. రేపటి సంగతి కూడా నావల్ల కాదేమో అనిపిస్తోందండి."

స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాను. "నాకూ భయమేనమ్మా," అన్నాను. "కొంచెం జరుగు. ఇంకో రెండు మెట్లు చూద్దాం."