సదాపాకు పెట్టిన చెయ్యి

మొన్న సిద్దిపేటలో రోడ్డు పక్క మొక్కలమ్మే జాగలో మనవరాలు పూల కుండీలు చూస్తుంటే, నేను ఒక మూలనున్న చిన్న మొక్క ఆకును ఊరికే వేళ్ల మధ్య నలిపాను. ఘాటుగా, చేదుగా వాసన ముక్కుకు తగలగానే అక్కడే ఉన్న అరుగు మీద కూర్చున్నాను. అది సదాపాకు.

మాది మగ్గం నేసే ఇల్లు. నా చిన్నప్పుడు రెండో ప్రపంచ యుద్ధం రోజులు, నూలు దొరకడమే కష్టం. ఇంటి వెనక, స్నానాల బండ పక్కన పగిలిన మట్టి గోలెంలో నాయినమ్మ సదాప పెంచేది. బూడిద కలిసిన పచ్చరంగులో సన్నని ఆకులు, చిన్న చిన్న పసుప్పచ్చ పూలు. పసిపిల్లలకు దగ్గొస్తే ఎండిన ఆకు నిప్పుల మీద వేసి పొగ చూపేది, కడుపు ఉబ్బితే పసుపుతో నూరి బొడ్డు చుట్టూ రాసేది, జలుబుకు తేనెలో రెండు చుక్కల పసరు నాకించేది. బతుకమ్మ పండుగకు మలీద ముద్దలు, సత్తుపిండి మితిమీరి తిని మేం మెలికలు తిరుగుతుంటే మాకూ ఆ చేదు తప్పేది కాదు. కడుపుతో ఉన్న ఆడవాళ్లను మాత్రం, కడుపు పోతుందన్న భయంతో, గోలెం దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. వాడకట్టులో పసిపిల్లలున్న ప్రతి ఇల్లూ ఆమె చేతిని నమ్మేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, ఎండాకాలంలో, పదకొండు నెలల మా చెల్లె లచ్చుమికి జ్వరం వచ్చింది. మా నాయన, మేం పిలిచే బాపు, చీరలు అమ్మడానికి దుబ్బాక పోయి ఉన్నాడు. మూడో రోజు పొద్దున పిల్ల ఒళ్లు బిగుసుకొని కళ్లు తేలేసింది. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ, పిల్లను భుజానేసుకొని గడప దాకా వచ్చింది.

"దవాఖానకు తీస్కపోతా అత్తా."

"గీ ఎండల యాడికి పోతవ్? నీ మొగనికి గిట్లనే అయితే గీ ఆకుతోనే నిలవెట్టిన. పొద్దు వంగినంక చూద్దాం."

అవ్వ ఆగిపోయింది. నాయినమ్మ పసరు తీసి అరికాళ్లకు, అరిచేతులకు రుద్దింది, పొగ వేసింది, మళ్లీ రుద్దింది. పొద్దు వంగక ముందే లచ్చుమి చనిపోయింది.

ఆ తర్వాత అవ్వ నాయినమ్మను ఒక్క మాట అనలేదు. అసలు మాట్లాడటమే మానేసింది. అన్నం గిన్నె ముందు పెట్టి పక్కకు పోయేది. పిల్లలతో వచ్చిన ఆడవాళ్లను నాయినమ్మ, "నాకేం తెల్వదు బిడ్డా" అని పంపించేసేది. గోలెంలో నీళ్లు కూడా పొయ్యలేదు. ఎవరికీ చెప్పకుండా నేనే పోశాను.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, నూలుకు రంగులద్దే వాళ్ల కోడలు ఖాజాబీ కొడుకును ఎత్తుకొని తడుస్తూ వచ్చింది. పిల్లవాడు దగ్గలేక దగ్గలేక ఎగశ్వాస తీస్తున్నాడు. నాయినమ్మ గోడ వైపు తిరిగి కూర్చుంది. నూలు కండెలు చుడుతున్న అవ్వ లేచి వెనక్కి పోయి, గుప్పెడు ఆకు తెంపుకొచ్చి అత్త ఒళ్లో పెట్టింది.

"నువ్వే పెట్టు అత్తా."

"నా చెయ్యి మంచిది కాదే."

"చెయ్యిదేం లేదు. ఆల్శెం జేసినం. ఇద్దరం జేసినం."

నాయినమ్మ ఆకు నలిపి పిల్లవాడి ఛాతీకి రుద్దింది. చేయి తుడుచుకోకుండానే గొంగడి కప్పుకొని, "నడువు బిడ్డా, దవాఖానకు పోదాం" అని ఖాజాబీ కంటే ముందే వానలోకి దిగింది.

ఆ పిల్లవాడు బతికాడు. ఆకు వల్లనా మందు వల్లనా అని ఎవరూ అడగలేదు. తిరిగొచ్చిన నాయినమ్మ స్నానాల బండ మీద కూర్చొని, లచ్చుమి పోయినప్పుడు కూడా ఏడవనిది, అప్పుడు ఏడ్చింది. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ తడుస్తూనే ఉన్నారు.

నా పెళ్లికి ముందే నాయినమ్మ పోయింది. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. మగ్గాలు పోయాయి, మా ఇల్లున్న జాగలో ఇప్పుడు ఫోన్ల దుకాణం ఉంది. లచ్చుమి ఫోటో లేదు, ఏ కాగితంలోనూ ఆమె పేరు లేదు. ముఖం కూడా నాకు సరిగా గుర్తుకు రాదు. తొంభైకి దగ్గరపడ్డ నేనూ పోతే, అట్లాంటి ఒక పిల్ల మా ఇంట్లో పదకొండు నెలలు ఉందని చెప్పేవాళ్లు ఉండరు.