చేతులు పెట్టని టీచరు

ఆ బడిలో సైన్సు టీచరుకు పిల్లలు పెట్టిన పేరు ‘చేతుల్లేని మేడం’. నిజానికి ఆవిడకు రెండు చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. ఇంట్లో మిక్సీ, ఇస్త్రీపెట్టె ఎన్నోసార్లు ఆ చేతుల్లోనే చచ్చి బతికాయి. కానీ బడి మేడమీది గదిలో అడుగుపెట్టగానే వాటిని వెనక్కి కట్టేసుకునేది. పిల్లలు చేసే యంత్రాన్ని టీచరు ముట్టుకోకూడదన్నది ఇరవై రెండేళ్లుగా ఆవిడ పట్టిన దీక్ష.

దీనికి మూలకారణం ఒక అలారం గడియారం. తొమ్మిదేళ్లప్పుడు దాన్ని విప్పి, రెండు రోజులు కుస్తీపట్టి, ఆఖరి మర దగ్గర కాస్త తడబడితే, అన్నయ్య ‘ఇలా తే’ అని లాక్కుని బిగించేశాడు. గడియారం నడిచింది. ఆ ఉపకారాన్ని ఆవిడ ఇంతవరకూ క్షమించలేదు.

ఈ ఏడాది ఏడో తరగతి పిల్లలు గది ఊడ్చే బండిని తయారుచేశారు. టిఫిన్ డబ్బా మూత ఒళ్లు, పాత బొమ్మకార్ల మోటార్లు కాళ్లు, అరిగిన టూత్‌బ్రష్షులు చీపురు. గోడ తగిలితే దానంతటది వెనక్కి తిరగాలి. నెల్లాళ్లు కనబడినవాళ్లందరి కాళ్లనూ గుద్ది, చివరికి బుద్ధి తెచ్చుకుంది.

ఇంతలో హెడ్మిస్ట్రెస్ పెద్దమేడం ఆవిడను పిలిపించింది.

“శుక్రవారం తనిఖీకి ఆఫీసరుగారు వస్తున్నారు. ఆయన ముందు మీ బండి నడిచిందా, సరే. లేదా, ఆ మేడమీది గదిలో విరిగిన బల్లలు వేయించేస్తాను. అక్కడ మీరు చేసేదేమిటో నాకైతే అంతుపట్టలేదమ్మా.”

శుక్రవారం ఆఫీసరు వచ్చారు. పిల్లలు స్విచ్ వేశారు. బండి ఘనమైన మౌనం పాటించింది.

జరిగిందేమిటంటే, అంత పెద్దమనిషి వస్తున్నారని ఆ ఉదయం జట్టులోకెల్లా శుభ్రమైన పిల్ల, పుస్తకానికి అట్ట మీద అట్ట వేసే రకం, పాత బ్యాటరీలు తీసేసి కొత్తవి నాలుగు ప్లాస్టిక్ గొట్టంలో పేర్చింది. ఇంట్లో టీవీ రిమోట్‌లో పెట్టినట్టే, ఒకటి అటు, ఒకటి ఇటు. గొట్టం అద్దంలా ఉంది కాబట్టి టీచరుకు చూడగానే తెలిసిపోయింది. రెండు బ్యాటరీలు తిప్పితే చాలు.

“మీరొకసారి చూడండి మేడం!” అంది పెద్దమేడం.

“చూస్తూనే ఉన్నానండి.”

“కళ్లతో కాదు!”

వీపు వెనకాల టీచరు తన మణికట్టును తానే, దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంది. ఆ గది లేకపోతే తనకీ బడిలో మిగిలేది నల్లబల్లా, సుద్దముక్కా. అయినా పట్టు వదల్లేదు.

“మోటారు కాలిపోయిందే,” అంది శుభ్రమైన పిల్ల.

“కాలితే కంపు రాదా? ముక్కుందా నీకు?” అంది జట్టులోని వాగుడుకాయ. “బ్యాటరీలు ఎవరు పెట్టారు?”

“నేనే. మా ఇంట్లో రిమోట్‌కి ఇలాగే పెడతాం. ఏం?”

ఆఫీసరు రెండోసారి వాచీ చూసుకున్నారు. వాగుడుకాయ గొట్టాన్ని కంటికి ఆనించుకుంది.

“ఒసేయ్, రిమోట్‌లో అవి పక్కపక్కన పడుకుంటాయి. ఇక్కడ ఒకదాని వెనక ఒకటి. నువ్వేమో ఎదురెదురుగా పెట్టి కొట్లాట పెట్టావు!”

శుభ్రమైన పిల్ల మొహం కందిపోయింది. గొట్టం లాక్కుని, తనే అన్నిటినీ ఒకేవైపు తిప్పింది. బండి గుర్రుమని బయల్దేరి, తిన్నగా వెళ్లి ఆఫీసరు బూటును గుద్ది, మర్యాదగా వెనక్కి తిరిగింది.

“మీకు ముందే తెలుసా?” అన్నారాయన టీచరుతో.

“తెలుసండి.”

“మరి చెప్పలేదేం?”

“వాళ్లు నన్నడగలేదండి.”

ఆయన ప్యాంటు మోకాళ్లు పైకి లాక్కుని నేలమీద చతికిలబడ్డారు. “పక్కపక్కన పెడితే ఒకదాన్ని తలకిందులుగా ఎందుకు పెట్టాలమ్మా? నాకెవరూ చెప్పలేదు,” అన్నారు వాగుడుకాయతో.

అన్నం గంట కొట్టేదాకా ఆయన లేవలేదు. పెద్దమేడం వారం రోజులు కడిగించిన మిగతా గదులేవీ చూడకుండానే వెళ్లిపోయారు.

“గది మీదేనమ్మా,” అంది పెద్దమేడం నీరసంగా. “వచ్చే ఏడాది మాత్రం ఆయన్ని మీ దగ్గరికి ఆఖర్న తీసుకొస్తాను.”