పది సర్టిఫికెట్లు ఎక్కువ

మా నాన్నది స్టోన్‌హౌస్‌పేటలో కిరాణా కొట్టు. కిలో పప్పు తూచాక గుప్పెడు పైన వేయకపోతే అది వ్యాపారమే కాదనేవాడు. నేను ప్రింటింగు ప్రెస్సు పెట్టుకున్నా ఆ కొసరు బుద్ధి పోలేదు. ముందు గీచి గీచి బేరమాడతాను, తర్వాత నాలుగు కాగితాలు ఊరికే ఇచ్చి మహాదాతలా నిలబడతాను. ఆ దాతృత్వంతోనే ఒకసారి మా ఊరి డాక్టర్ల సంఘాన్ని ముంచబోయాను.

సంఘం ఆఫీసు పనంతా ఒక అక్క చూసేది. డాక్టర్లు ప్రాక్టీసులో ఉన్నా సదస్సులకు వెళ్లి కొత్త వైద్యం నేర్చుకోవాలి. కూర్చున్న గంటలకు సర్టిఫికెట్ ఇస్తారు. ఆ గంటలు చాలకపోతే రిజిస్ట్రేషన్ రెన్యువల్ కాదు. అక్క ఇచ్చే ప్రతి సర్టిఫికెట్‌కూ వరుస నంబరుండాలి. పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, గంటలు తనే చేత్తో రాస్తుంది, అదీ సదస్సు ముగిశాక, పొద్దుటి సంతకాలూ సాయంత్రం సంతకాలూ పక్కపక్కన పెట్టుకుని. భోంచేసి జారుకుంటే ఎంత పెద్ద సర్జనుకైనా సగం గంటలే.

"ఆయన అలుగుతాడేమో అక్కా" అన్నాను ఒకసారి.

"అలగనీ. అన్నం తిన్నందుకు గంటలు రాస్తారా?"

సదస్సు ముందురోజు పొద్దున్నే నూట ఇరవై సర్టిఫికెట్లు తీసుకెళ్లాను. "పైన ఇంకో పది వేసినానక్కా, ఊరికే" అన్నాను, మెచ్చుకుంటుందని.

అక్క ముఖం మాడిపోయింది. "వాటికి నంబర్లు ఉండాయా?"

"కొసరుకి నంబరెందుకు?"

"ప్రెసిడెంటు గారి సంతకం?"

"అది అన్నిట్లో అచ్చు పడతాది గదా."

"ఏమయ్యా, సంతకం ఉండి పేరు లేని కాగితం బయట తిరిగితే ఎవురి పేరైనా రాసుకోవచ్చు. రేపు మెడికల్ కౌన్సిల్ నుంచి పరిశీలకుడు వస్తా ఉండాడు. ఒక్కటి తేడా వచ్చినా మొత్తం సదస్సు గంటలు కొట్టేస్తారు. సూళ్లూరుపేట డాక్టరమ్మకి ఈ నెలతో గడువు. ఆమె ప్రాక్టీసు ఆగిపోతే నువ్వు చూస్తావా జ్వరాలు?"

లెక్కపెడితే తొమ్మిదే ఉన్నాయి. పదోది ఎక్కడుందో అప్పుడు గుర్తొచ్చింది. కూతురి పెళ్లి పత్రికలకు కాగితం మందం చూడాలని అడిగిన రొయ్యల చెరువుల ఆసామికి, క్రితం సాయంత్రం దాన్ని నమూనాగా ఇచ్చేశాను.

ఫోన్ చేస్తే ఇందుకూరుపేట దాటాక చెరువుల దగ్గర ఉన్నానన్నాడు. అక్కను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వెళ్లాను. షెడ్డులో మేత బస్తాల మీద నుంచి దాన్ని తీశాడు. పేరు రాసే చోటు ఖాళీగానే ఉంది. ఆయన మాత్రం నా ముఖంలో అవసరాన్ని చదివేశాడు. ఎదుటివాడి అవసరం చదవడం నా విద్య. అది నా మీదే పనిచేస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"ఇస్తాలే అన్నా. పత్రికలు నువ్వు చెప్పిన రేట్లో సగానికి చెయ్యి."

కాగితం ఖర్చు కూడా రాదనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. పక్కన అక్క, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా నిలబడి ఉంది.

"సరే" అన్నాను.

ఆయనే కంగుతిన్నాడు. "ఇంత బిరీన ఒప్పుకుంటావని తెలిస్తే పావు వంతుకే అడుగుదునే!"

ఆఫీసుకు రాగానే అక్క పదింటినీ అడ్డంగా చించింది. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకుంటుంటే రిజిస్టరు తీసింది. పది ఎక్కువ అచ్చయ్యాయి, ఒకటి బయటికి వెళ్లింది, తెచ్చాం, చించాం అని రాసింది. ముక్కలు కవర్లో పెట్టి అంటించింది.

"అన్నీ దొరికినాయి గదక్కా! మనంతట మనమే పట్టిస్తామా?"

"దొరికినాయి. నిన్న మాత్రం ఒకటి మన చేతిలో లేదు గదా. అదీ నిజమే గదా."

నా ప్రెస్సు పేరు రాస్తుందని బిక్కచచ్చి చూస్తున్నాను. 'ఎక్కువ వేయవద్దని ముందుగా చెప్పకపోవడం నా పొరపాటు' అని రాసి, కింద తన సంతకం పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక, నష్టాన్ని ఎవరైనా అడగకుండా తమ వైపు లాక్కోవడం నేను చూడలేదు.

మర్నాడు పరిశీలకుడు ఆ పేజీ రెండుసార్లు చదివాడు. కవరు తెరిచి ముక్కలు బల్ల మీద పరిచి, జతలు చేసి పదీ లెక్కపెట్టాడు. గుమ్మం దగ్గర నిలబడి నేనూ ఆయనతో పాటు లెక్కపెట్టాను. చివరికి పేజీ కింద సంతకం చేసి, "ఎవరీ ప్రెస్సాయన?" అన్నాడు.

అక్క నన్ను చూపించింది. "ఆయనే సార్. ఇకమీదట ఆయన కూడా ఎక్కువ ఇవ్వడులెండి."

సాయంత్రం సూళ్లూరుపేట డాక్టరమ్మ రైలుకు టైమవుతోందని తొందరపడింది. అక్క తొందరపడలేదు. రెండు సంతకాలూ చూసుకుని, పేరు రాసి, గంటలు పూర్తిగా వేసి ఇచ్చింది. ఆవిడ దాన్ని చదవకుండానే సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది.