అరిగిన నందులు

సికింద్రాబాద్ స్టేషన్‌లో, ఆడవాళ్ల వెయిటింగ్ రూంలో నా పక్కన కూర్చున్నామె చేతిసంచికి ‘నాలుగో బస్సు’ అని ఇంగ్లీషులో స్టిక్కరుంది. ఏమిటది అని అడిగాను. ఆమె సైనిక్‌పురిలో ఒక ముసలావిడకు సాయంగా ఉంటుందట. ఆవిడతో పాటు విహారయాత్ర ఓడలో తిరిగొచ్చిందట. ఓడ చెన్నైలో ఆగినప్పుడు బస్సుల్లో మహాబలిపురం తీసుకెళ్లారట, వీళ్లది నాలుగో బస్సట.

నాకు ఒళ్లు మండింది. పదిహేడేళ్లుగా కాలేజీలో పల్లవుల శిల్పకళ చెబుతున్నదాన్ని. మహాబలిపురం గుడిని నేను చూసిందల్లా పాఠ్యపుస్తకంలోని మసక ఫొటోలోనే.

“ఆ సముద్రపొడ్డు గుడి ఏ రాజు కట్టించాడో చెప్పారా మీకు?” అన్నాను, వైవా పరీక్ష పెట్టినట్టు.

“గైడు చెప్పిండు మేడం, యాదికి లేదు. ఓడ ఆగదు, గంటల్నే బస్సెక్కాలె అన్నడు. అమ్మను నీడకు కూసోబెట్టి, గోడ మీది నందుల్ని జెర ముట్టి చూసిన. ఉప్పుగాలికి మొహాలన్నీ అరిగి, వాడిన సబ్బుబిళ్లల లెక్క ఉన్నయి.”

“ముట్టుకోకూడదు. రాయి పాడవుతుంది.”

“తప్పే మేడం. చెయ్యి ఆగలే,” అని నవ్వింది. ఆమె రైలు వచ్చేదాకా నేను పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను.

మర్నాడు క్లాసులో ఆ సబ్బుబిళ్లల మాట చెప్పాను. పిల్లలు రాసుకోవడం ఆపి నావైపు చూశారు.

“మీరు ముట్టుకున్నారా మేడం?” అని ఒకమ్మాయి అడిగింది.

ఔనన్నాను.