కారు నెత్తిన బోర్డు

మా కారు టాప్ మీది బోర్డును ఊడదీసింది నేనే. నాలుగు బోల్టులు, ఒక స్పానరు, ఇరవై నిమిషాలు. ఎవరినీ అడగలేదు. అడిగి ఉండాల్సిందని అప్పుడు అన్నవాళ్ళు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. అడిగి ఉంటే ఆ బోర్డు ఇంకా అక్కడే ఉండేదన్నదే నా జవాబు.

మా అత్తవారిది మంగళగిరిలో చేనేత బట్టల కొట్టు. నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, విజయవాడలో గుణదల దాటాక ఉన్న ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. ఇంటి నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు. బస్సు దారిలో వెళ్ళాలంటే రెండు బస్సులు, ఒక ఆటో. మొదటి రెండేళ్ళు అలాగే వెళ్ళాను. వారంలో రెండు రోజులైనా తొమ్మిది గంటల క్లాసుకు ఆలస్యమయ్యేదాన్ని. ఇంకొక్కసారి ఆలస్యమైతే రానక్కరలేదని ప్రిన్సిపాల్ గారు చెప్పిన తర్వాతే, పగలంతా కొట్టు ముందు ఊరికే నిలబడి ఉండే కారును నడపడం మొదలుపెట్టాను. ఆ కారు పోతే నా ఉద్యోగమూ పోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

కొట్టు వ్యవహారం చూసేది మా బావగారు, అంటే నా భర్తకు అన్నగారు. ఒకరోజు భోజనాల దగ్గర ఆయన, నాతో కాక మా అత్తగారితో చెబుతున్నట్టుగా, కారు లీటరుకు పద్నాలుగు కూడా ఇవ్వడం లేదని, నెలాఖరుకు అమ్మేద్దామని అన్నారు. అమ్మాయి బస్సులో వెళ్తుందిలే అని కూడా అన్నారు. నా భర్త పప్పు కలుపుకుంటూ తల ఎత్తలేదు. నేను ఎత్తాను. కారు తప్పేమీ లేదని, దాని మీద మనం పెట్టినదే తప్పని చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

మనం పెట్టినది ఇదీ. బట్టల మూటలు కారు మీదే విజయవాడ వెళ్ళే రోజుల్లో మా మామగారు టాప్ మీద ఇనప క్యారియర్ బిగించారు. దాని ముందు భాగాన, నాలుగడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు గల రేకు బోర్డు నిలువుగా నిలబెట్టి, ఎర్ర రంగు మీద పసుపు అక్షరాలతో కొట్టు పేరు రాయించారు. తర్వాత మూటలు వ్యానులో వెళ్ళసాగాయి, మామగారు కాలం చేశారు, క్యారియర్ ఖాళీ అయింది. బోర్డు మాత్రం గాలికి రొమ్ము విరుచుకుని అలాగే నిలబడి ఉంది.

ఆ ఆదివారమే పని మొదలుపెట్టాను. ఊడదీసిన ప్రతి వస్తువునూ కొట్లో నూలు తూచే కాటా మీద పెట్టి రాసుకున్నాను. బోర్డుతో సహా క్యారియర్ ఇరవై తొమ్మిది కిలోలు. డిక్కీలో ఎవరూ అడగని శాంపిల్ మూటలు, చీరలు వేలాడదీసే రెండు ఇనప కడ్డీలు, అంతకు ముందున్న కారు తాలూకు జాకీ కలిపి ముప్పై నాలుగు. మొత్తం అరవై మూడు. నా బరువు కంటే ఐదు కిలోలు ఎక్కువ. అంటే రోజూ నాకంటే లావుపాటి ఆవిడనొకరిని ఉత్తపుణ్యానికి గుణదల దాకా మోసుకెళ్ళి, మళ్ళీ వెనక్కు తెస్తున్నానన్న మాట.

కొలతలన్నీ సరిగ్గా వేసుకున్న నేను ఒక్కటి వేసుకోలేదు. మా ఊళ్ళో అన్నదమ్ముల కొట్టు బోర్డు దిగిందంటే వాటాలు పంచుకున్నారని అర్థం. బుధవారం నాటికి బజారంతా పాకింది. గురువారం, మాకు ఏళ్ళ తరబడి చీరలు నేసి ఇస్తున్న ఒక పెద్దాయన కొట్టు మెట్ల దగ్గరే ఆగిపోయి, చంకలో మూట దించకుండా బావగారిని అడిగాడట.

"ఇకమీదట సరుకు మీకియ్యాలా, చిన్నబాబుగారికియ్యాలాండీ?"

ఆ సాయంత్రం బావగారు మొదటిసారి నేరుగా నాతోనే మాట్లాడారు.

"మూడు కిలోల రేకుముక్క ఏం తాగుద్దమ్మా పెట్రోలు?"

"రేకు బరువు కాదండీ, గాలి. డాబా మీద తడిచీర ఆరేసేటప్పుడు గాలికి అడ్డంగా పట్టుకుని చూడండి, మనిషినే లాగేస్తుంది. వేగం రెట్టింపైతే ఆ లాగుడు నాలుగింతలవుతుంది."

"ఆ బోర్డు నాన్న పెట్టింది."

"మూటలు పోయేటప్పుడు పెట్టారండీ. ఇప్పుడు మూటలు లేవు."

ఆయనకు కోపం వచ్చింది. అయినా వ్యాపారస్తుడు, కొలిచి చూపించమన్నారు. చూపిస్తానన్నాను.

రెండు ఆదివారాలు, ఉదయం ఆరు గంటలకు, చిలకలూరిపేట దాకా వెళ్ళి రావడం. రానూపోనూ నూట పన్నెండు కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు గాలి ఎదురైతే వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది గనుక రెండు వైపులా కలిపే లెక్క. డిక్కీ రెండుసార్లూ ఖాళీ. టైర్లలో గాలి ఒకటే. వేగం ఎనభై. దించిన అద్దం కూడా గాలిని పట్టి బండిని లాగుతుంది గనుక అద్దాలన్నీ పైకి. మొదటి వారం క్యారియర్, బోర్డు మళ్ళీ బిగించాను. రెండో వారం తీసేశాను. రెండుసార్లూ ఒకే బంకులో, ఒకే పైపుతో, నాజిల్ తనంతట తాను ఆగేదాకా ట్యాంకు నింపించాం. బావగారు వెనక సీట్లో, నాకు ఎదురు మూలన కూర్చున్నారు. మా ఇంట్లో మరదలు ముందుంటే ఆయన వెనక, ఆయన ముందుంటే మరదలు వెనక.

బోర్డుతో ఏడు లీటర్ల తొమ్మిది వందల మిల్లీలీటర్లు పట్టింది. బోర్డు లేకుండా ఆరు లీటర్ల ఆరు వందలు. నాజిల్ ఆగడంలో పావు లీటరు తేడా రావచ్చని నేనే చెప్పాను. పావు లీటరు తీసేసినా లీటరు పైన మిగులుతుందని కూడా చెప్పాను. మీటరు మీది అంకెల్ని ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూశారు.

బంకు దాటాక బేరం పెట్టారు. కారు అమ్మనని, బోర్డు మాత్రం మళ్ళీ ఎక్కించమని. ఒప్పుకుంటే ఆ రోజుకు నా ఉద్యోగం నిలబడేది. నేను కారు పక్కకు తీసి ఆపాను.

"బోర్డు ఎక్కితే మళ్ళీ పద్నాలుగే ఇస్తుంది. పై నెలలో మళ్ళీ అమ్మేద్దామంటారు. ఎక్కించనండీ. అమ్మదలుచుకుంటే ఇప్పుడే అమ్మేయండి."

"మరి ఊరికేం చెప్పమంటావ్?"

"మీరేం చెప్పొద్దు. సోమవారం సోమవారం మీరు విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేలు బజారుకి వెళ్తారుగా, నాతో రండి. ముందు సీట్లో కూర్చోండి. చూసినవాళ్ళే చెప్పుకుంటారు."

ఆయన బండి పోనియ్యమన్నారు.

మర్నాడు ఏడున్నరకు ఉతికిన తెల్లచొక్కాతో వచ్చి నా పక్కన కూర్చున్నారు. అప్పటి నుంచి ప్రతి సోమవారం వస్తున్నారు. బోర్డును కొట్లో తన సీటు వెనక గోడకు కొట్టించుకున్నారు. అక్కడ దానికి గాలి తగలదు. వాటాలు పంచుకున్నామనే మాట బజార్లో సగం చచ్చింది, సగం బతికే ఉంది. ఆ సగంతో నాకు ఇబ్బంది లేదు. తొమ్మిది గంటల క్లాసుకు నేను ఎనిమిదీ యాభైకే ఉంటున్నాను.

బావగారికి ఇబ్బంది ఉంది. అందుకే తన వైపు అద్దం దించి, మోచెయ్యి బయట పెట్టి, కనిపించిన ప్రతివాడినీ పలకరిస్తారు. బజారు దాటేదాకా నేనూ ఏమీ అనను. బండి ఆ నెమ్మది నడకలో ఉంటే గాలి లెక్కలోకి రాదు. హైవే ఎక్కగానే నా వైపు మీట నొక్కి ఆయన అద్దం పైకి లేపుతాను.

"ఉంచమ్మా కాస్త. తాడేపల్లిలో కూడా మనవాళ్ళున్నారు."

"అరవై దాటాక కుదరదండీ."

ఆయన అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి, లోపలి నుంచే చెయ్యి ఎత్తుతారు. బావగారి బరువు ఎనభై నాలుగు కిలోలు. నేను కారులోంచి తీసేసిన సామానంతటి కంటే ఇరవై ఒక్క కిలోలు ఎక్కువ. ఆ బరువును తెలిసే ఎక్కించుకున్నాను. అద్దం మాత్రం దించను.